పాలు లేని కాఫీ, బ్రాడ్‌బ్యాండ్ లైను

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీరు నన్ను కాస్త గౌరవంగా చూస్తారని ఆశ. పైగా నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరైనా "దానంతటదే ఆగిపోయిందండీ" అంటే ఒప్పుకోకపోవడమే నా ఉద్యోగం.

అయినా ఇది జరిగింది. అర్ధరాత్రి కాదు, శ్మశానం పక్కన కాదు. సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో, పట్టపగలు.

ఇళ్లకి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా కంపెనీ సగం ఆఫీసు ఖాళీ చేసేసి, కాలిఫోర్నియా క్లయింటు పని ఇంటినుంచి చేయమంది. మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి వాళ్లకి డెమో చూపించాలి. లైనుంటే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఇక్కడ పనిచేయడానికిచ్చిన పాస్ రద్దు, పెట్టె సర్దుకోవడమే. నా భార్య రమణికి అప్పుడు ఐదో నెల, ఇక్కడి ఆసుపత్రిలో పేరు కూడా రాయించాం. నాకు నిజంగానే భయం వేసింది.

టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు. మోడెమ్ మార్చాడు, వైరు మార్చాడు, హాలు మూలనున్న సాకెట్ కూడా మార్చాడు. లింకు లైటు వెలగలేదు. మూడోసారి తల గోక్కుంటూ, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా, "లైన్ బాగానే ఉంది లా. ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నట్టుంది" అన్నాడు. మా ఇంట్లో మామూలు ఫోనే లేదు.

శనివారం పొద్దున్న రమణి అడిగింది, "అసలు దానికి బొట్టు పెట్టామా?" అని. మనవాళ్లు స్కూటర్ కొన్నా మిక్సీ కొన్నా పూజ చేయందే మీట నొక్కరు కదా. వైరుకి భక్తేమిటే అని వెక్కిరించాను. ఆవిడ వింటేగా! పసుపు కుంకుమ పెట్టింది, అగరొత్తి వెలిగించింది. నైవేద్యానికి ఇంట్లో అరటిపండు కూడా లేదు. పాలు అయిపోయి, తనకోసం పంచదార వేసి కలుపుకున్న నల్లకాఫీ ఉంటే అదే కప్పుతో మోడెమ్ పక్కన పెట్టి, "ఇంకా ఎంగిలి చేయలేదు లెండి" అంది.

లైటు వెలిగింది.

కాఫీ చల్లారేదాకా వెలిగింది, చల్లారగానే పోయింది. కాకతాళీయం అనుకున్నాను. టెస్టర్ని కాబట్టి కాగితం మీద గళ్లు గీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. వేడినీళ్లకి వెలగలేదు. టీకి వెలగలేదు. పాలు పోసిన కాఫీకి రెండుసార్లు మినుకుమని ఆగిపోయింది. పంచదార వేసిన వేడి నల్లకాఫీ పెడితే మాత్రం ఠక్కున వెలిగేది. ఆదివారం సాయంత్రానికి పదకొండుసార్లు చేశాను, పదకొండుసార్లూ అంతే. "నాకు లేని వేవిళ్లు దీనికొచ్చాయి" అంది రమణి.

మంగళవారం కప్పు పెట్టుకునే డెమో మొదలుపెట్టాను. అరగంట బాగానే గడిచింది. కాఫీ చల్లారుతోందని చేయి ఊపితే, రమణి వంటింట్లోంచి ఖాళీ డబ్బా బోర్లించి చూపించింది. నా ప్రయోగాలకి పొడంతా అయిపోయింది. లైటు కొట్టుకోవడం మొదలైంది. ఐదో నెల మనిషి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా, పై అంతస్తులో ఉండే మా ఓనరు ఆంటీ దగ్గరికి మెట్లెక్కి పరుగెత్తింది.

ఆంటీ తనే దిగి వచ్చింది. చేతిలో తనకోసం అప్పుడే కింద కాఫీ షాపులో కొని తెచ్చుకున్న కోపి-ఓ, తాడు కట్టిన ప్లాస్టిక్ సంచిలో. కోపి-ఓ అంటే పంచదార వేసిన నల్లకాఫీయే. సాకెట్ పక్కన కప్పు చూసి ఒక్క క్షణం ఆగిపోయింది. వంగి కాఫీ పోసింది. లైటు నిలబడింది, నా డెమో గట్టెక్కింది.

అప్పుడడిగింది, "నీకెవరు చెప్పారు?" అని.

ఆవిడ భర్త పోయి రెండేళ్లట. అప్పట్లో వాళ్లు ఈ ఫ్లాట్‌లోనే ఉండేవారట. "రోజంతా ఆ మూలే కూర్చుని ఫోన్లో కబుర్లు లా. ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కోపి-ఓ పెడితేనే ఫోన్ కింద పెట్టేవాడు. అదీ తాగేంతసేపే."

చెప్పి, ఆ మూలకి తిరిగి వాళ్ల భాషలో చడామడా తిట్టింది. పెళ్లాం మొగుణ్ణి తిట్టే తిట్టు ఏ భాషలోనైనా తెలిసిపోతుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, నాతో మెల్లగా అంది: "పొద్దున్న లైన్ నీది. నీ పనయ్యాక ఒక గంట ఆయనకి వదిలెయ్, ప్లీజ్."

ఆ రోజునుంచి పనయ్యాక గంటసేపు మోడెమ్ ఆపేసేవాణ్ణి. మళ్లీ కాఫీ అవసరం రాలేదు, ఒక్కరోజు కూడా లైను పోలేదు. గళ్ల కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. అందులో 'కారణం' అన్న గడి ఖాళీగానే ఉంది. ఏం రాయాలో నాకు నిజంగా తెలియదు.

ఇప్పుడు బుకిట్ పంజాంగ్‌లో ఉంటున్నాం. ఇంటికి ఫైబర్ వచ్చింది, ఆంటీ కూడా ఆయన దగ్గరికే పోయింది. అలవాటు మాత్రం పోలేదు. రోజూ సాయంత్రం గంటసేపు అన్నీ ఆపేస్తాను. ఆ ఐదో నెల కడుపులో ఉన్న మా అమ్మాయి గదిలోంచి అరుస్తుంది, "నాన్నా, నెట్ ఏది లా?" అని.

"ఉండమ్మా, వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు" అంటాను.