చెత్త బండి గొంతు

మా ఊరి అంబులెన్స్‌కు సైరన్ లేదు. మైకు ఉంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో మా అక్కను పాము కరిచిన రోజున తెలిసింది.

ములకలపల్లి దాటి అడవి వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో మాది ఒకటి. ప్రభుత్వ అంబులెన్స్ రాదని అనను. వస్తుంది. కాకపోతే చుట్టుపక్కల ఊళ్లన్నీ దానికోసమే చూస్తుంటాయి. అందుకని పంచాయతీ ఒక పాత వ్యాన్ సంపాదించింది. డీజిలూ, డ్రైవరు జీతమూ మేము కట్టే ఇంటిపన్నులోంచే. దాని సైరన్ కాలిపోయినప్పుడు గ్రామసభ పెట్టారు. కొత్తది కొనాలని అందరూ ఒప్పుకున్నారు. ఏ పద్దు కింద కొనాలన్న దగ్గర ఆగింది.

"వైద్యం పద్దుల పైసల్లేవు. పారిశుధ్యంల ఉన్నయి" అన్నాడు కార్యదర్శి.

"అయితే అండ్లకెళ్లే కొనున్రి సార్" అన్నాడు మా బావ, అంటే అక్క భర్త.

"పారిశుధ్యంల సైరన్ ఎట్ల రాస్తమయ్యా? ఆడిట్‌ల అడుగుతరు. మైకైతే రాయొచ్చు."

చెత్త ట్రాక్టరుకు ఉన్నటువంటి మైకే వ్యాన్‌కూ వచ్చింది. మీట నొక్కితే అందులో ముందే నింపిన ఆడగొంతు ఒక్కటే పలుకుతుంది: "తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇవ్వండి. బండి మీ ఇంటి ముందుకు వచ్చింది." ఆ మాట మార్చాలంటే ఖమ్మం నుంచి మెకానిక్ రావాలి. మెకానిక్ రావాలంటే మళ్లీ ఒక పద్దు కావాలి. సభ నవ్వుకుంటూ లేచింది. నేనూ నవ్వాను. డిగ్రీ చదివినవాణ్ని కాబట్టి కాస్త హుందాగా నవ్వాను.

ఆ తర్వాత పత్తి ఏరే రోజుల్లో, మధ్యాహ్నం, చేనులో అక్క కాలికి నాగుపాము కాటు వేసింది. ప్రభుత్వ అంబులెన్స్ వేరే ఊరికి పోయిందన్నారు. మా వ్యాన్ వచ్చింది. వెనక బల్ల మీద అక్కను పడుకోబెట్టి, నేనూ బావా చెరో పక్కన కూర్చున్నాం. అక్క కనురెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి.

"తమ్మీ, మీ బావ ఇద్దరు లెక్క కనవడుతుండు" అంది.

"ఒక్కనితోనే ఏగలేకపోతున్ననంటివి గదనే. ఇప్పుడు ఇద్దరా?" అన్నాడు బావ.

అక్క నవ్వబోయింది. పెదాలు మాట వినలేదు.

పెద్ద దవాఖానాకు పోవాలంటే మా బజారు దాటాలి. ఆ రోజు సంత. ఆటోలు, కూరగాయల తట్టలు, బేరమాడే జనం. డ్రైవరు హారన్ కొట్టాడు. సంతలో హారన్ కొట్టనివాడు ఎవడు? ఒక్కరూ తల తిప్పలేదు. ఇక వేరే దారిలేక, అప్పటిదాకా ఎన్నడూ వాడని మైకు మీట నొక్కాడు.

మా ఊరి క్రమశిక్షణ అప్పుడు చూడాలి. బజారుకు రెండు వైపులా తలుపులు తెరుచుకున్నాయి. పచ్చ బకెట్లు, నీలం బకెట్లు రోడ్డెక్కాయి. తడి వేరు, పొడి వేరు. ఇంత చక్కగా ఊరు ఎన్నడూ మాట విన్నది లేదు. ఒక అవ్వ బకెట్ తెచ్చి సరిగ్గా వ్యాన్ ముందు పెట్టింది.

"రాక రాక వచ్చి గిట్ల ఉరుకుతున్నవేందిరో? నా చెత్త ఎవడు తీస్కపోతడు, మీ తాతనా?"

"అవ్వా, జరుగు! పేషెంట్ ఉన్నది!" డ్రైవరు అరిచాడు.

అతని గొంతు కంటే మైకు గొంతు పెద్దది. బండి మీ ఇంటి ముందుకు వచ్చింది, అంటూనే ఉంది. ఆపుదామని నొక్కితే మీట లోపలికి పోయి అక్కడే ఇరుక్కుంది. నా చేతిలో అక్క చెయ్యి చల్లబడుతోంది. "అక్కా" అంటే "ఊఁ" అంటోంది, ఆ "ఊఁ" ప్రతిసారీ కొంచెం చిన్నదవుతోంది. బావ జోకులు మానేశాడు. నాకు అసలు భయం అప్పుడు మొదలైంది.

వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. సైకిల్ షాపు సాయిబు, రెండు చేతుల్లో ఖాళీ అట్టపెట్టెలు. లోపలికి విసరబోయి అక్కను చూశాడు.

"యా అల్లా!" పెట్టెలు కింద పడ్డాయి. వెనక్కి తిరిగి బజారంతా వినపడేలా కేక పెట్టాడు. "చెత్త గాదు! మనిషున్నది లోపట, మనిషి! జల్దీ జరుగున్రి!"

తలుపు వేసి వ్యాన్ ముందుకు పరుగెత్తాడు. అవ్వ బకెట్‌ను కాలితో తన్నేసి, "అయ్యో బిడ్డా, పోండ్రి పోండ్రి" అంటూ తట్టలు పక్కకు లాగింది. బజారు చివరిదాకా సాయిబే మా సైరన్. ఊరు దాటాక కూడా మైకు ఆగలేదు. దవాఖానా వరండాలో చీపురు పట్టుకున్న ఆయా మమ్మల్ని అనుమానంగా చూసింది.

ఇంజెక్షన్లు ఇచ్చారు. మరునాటికి అక్క కళ్లు తెరిచి ఒక్క బావనే చూసింది. "ఇంకొంచెం లేటయి ఉంటే..." అని డాక్టరు ఆగిపోయాడు. మిగతా సగం నేను ఇప్పటికీ రాత్రిళ్లు పూర్తి చేసుకుంటుంటాను.

సైరన్ సంగతి గ్రామసభలో మళ్లీ వచ్చింది. అందరూ మళ్లీ ఒప్పుకున్నారు. వైద్యం పద్దులో ఇంకా పైసలు పడలేదు. మీట మాత్రం బాగు చేయించారు, పారిశుధ్యం కింద.

ఇప్పుడు మా బజారులో కొత్త అలవాటు ఒకటి వచ్చింది. మైకు వినపడగానే బకెట్ ఎవరూ ముట్టరు. ముందు గడప దాకా వచ్చి తొంగిచూస్తారు. ట్రాక్టరైతే బకెట్ తెస్తారు. వ్యాన్ అయితే దారికి అడ్డమున్న బండ్లు పక్కకు తీస్తారు. వినడానికీ చూడడానికీ మధ్య బజారంతా ఊపిరి బిగబడుతుంది.

అక్క మాత్రం బయటికి రాదు. నేను వాళ్లింట్లో ఉన్న రోజున లోపలి నుంచే అడుగుతుంది.

"ఏ బండిరా తమ్మీ?"

"చెత్త బండే అక్కా."

లోపల ఆగిన చీపురు చప్పుడు మళ్లీ మొదలవుతుంది.

"మరి నిలవడ్డవేంది? బకెట్ తీస్కపో."