పండగల బేరం

రాయచూరు బజారులో మా కిరాణా కొట్టుకు వచ్చే కరెంటు సారు, ఏ పండగ మాటెత్తినా "మా వైజాగులో అయితేనా" అంటూ చెయ్యి అలలా ఊపేవారు. నేవీ డే నాటి ఓడల గురించి ఆయన చెబుతుంటే మేము పొట్లాలు కట్టడం మరిచేవాళ్ళం.

ఒక ఏడు అక్కడి బీచి పరుగుపందెంలో ఆయన కూతురు పరిగెడుతోంది. ఈయనకేమో ఆ రోజే పవర్ ప్లాంటులో డ్యూటీ. ఊపే చెయ్యి జేబులోకి పోయింది.

డ్యూటీ మార్చుకోగలిగింది ప్లాంటులోనే పనిచేసే, ఆ పక్క ఊరు దేవసూగూరాయన ఒక్కడే. అడగడానికి సారుకు మొహమాటం. బేరమంటే నాకు అన్నప్రాశన నాటి విద్య. సారు వెంట దేవసూగూరు బస్సెక్కాను.

"అన్నా, మీ జాతర నాడు నీ డ్యూటీ సారు చేస్తడు, నువ్వు తేరు గుంజు."

ఆయన పలకలేదు. ఎదుటివాడు పలకకపోతే ఇంకా కలపాలన్నది మా దుకాణం నేర్పిన పాఠం.

"ఉగాది గూడ. దీపావళి గూడ కలుపుకో."

"నీ బేరం పాడుగాను, పండుగలన్నీ అమ్ముతవా ఏంది? బిడ్డ ఉరుకుతుంటె తండ్రి ఉండద్దా? పోండి సార్, నేను చూసుకుంట."

తిరుగు బస్సులో సారు చెయ్యి మళ్ళీ అలలా లేచింది. "ఇంకాసేపు ఆయన పలక్కపోతే, ఏమయ్యా, నాకు ఆదివారాలైనా మిగిల్చేవాడివా?"