బారన్ గారి కోటేసుకున్న దిష్టిబొమ్మ

ఆ రోజు డాబా మీద ఎండలో కూర్చోవలసినవాణ్ణి నేను. నా బదులు ఒక దిష్టిబొమ్మను నిలబెట్టి పక్కింటికి పేకాటకు వెళ్లిపోయాను. మామూలు రోజుల్లో దీన్ని బద్ధకం అంటారు. కువైట్ వీధుల్లో ఇరాక్ సైన్యం తిరుగుతుండగా, ఇంట్లో ఒక తెల్లదొరను దాచిపెట్టుకుని ఆ పని చేసినవాణ్ణి ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

దొర అన్నాను గాని, ఆయన ఆ మాట ఒప్పుకునేవారు కాదు. ఆయన బారన్, అంటే వాళ్ల వైపు జమీందారీ బిరుదు. సిసిలీ అనే ద్వీపంలో ఆయన తాతముత్తాతలకు కొండలూ నిమ్మతోటలూ ఒక కోటా ఉండేవట. ఈయన చేతికొచ్చేసరికి కోటకు పైకప్పు పోయింది, తోటలు ఎండిపోయాయి, బిరుదు ఒక్కటే మిగిలింది. ఎక్కడో విందులో పరిచయమైన కువైటీ వ్యాపారి ఒకాయన, మా ఇంట్లో నిమ్మచెట్లు వేయించి పెట్టండి, ఒక వారం మా అతిథిగా ఉండండి అని పిలిచాడు. ఈయన వచ్చారు. చెట్లు వేయించారు. చెట్లు చచ్చిపోయాయి. ఈయన ఉండిపోయారు. వచ్చిన అతిథిని పొమ్మనడం పద్ధతి కాదని వ్యాపారి ఊరుకున్నాడు. పొమ్మనకుండా పోవడం మర్యాద కాదని ఈయన ఊరుకున్నారు. అలా ఏళ్లు గడిచిపోయాయి. ఫింటాస్‌లో సముద్రానికి దగ్గరగా ఒక చిన్న విల్లా ఇచ్చి, వండిపెట్టడానికి నన్ను పెట్టాడు ఆ వ్యాపారి. ఇఖామా, అంటే అక్కడి నివాస కార్డు ప్రకారం నా కఫీల్, అంటే పూచీపడే యజమాని, వ్యాపారి. నా మీద అజమాయిషీ మాత్రం బారన్ గారిది.

మాది కోనసీమ. 'గారు' లేకుండా పెద్దవాళ్లను పిలవడం నాకు చేతకాదు. మొదటి రోజే "బారన్ గారండీ" అన్నాను. దాని అర్థమేమిటని అడిగారు. గౌరవం అని చెప్పాను. అయితే మా వంశం ఇన్నాళ్లూ సగం బిరుదుతోనే బతికిందన్నమాట అని నొచ్చుకుని, అప్పటినుంచి ఫోనెత్తితే "బారన్ గారు మాట్లాడుతున్నాను" అనేవారు. నేను ప్రతిదానికీ "ఆయ్" అంటుంటే అదీ నేర్చుకున్నారు. ఫోన్లో వాళ్ల భాషలో గంటసేపు మాట్లాడి, మధ్యమధ్య "ఆయ్, ఆయ్" అంటుంటే, అవతలి వాళ్లు ఏమనుకునేవారో పాపం.

ఆయన పద్ధతులు ఆయనవి. నెత్తి మాడే ఎండాకాలంలోనూ కోటు, టై లేకుండా భోజనానికి కూర్చునేవారు కాదు. పొద్దున్నే సముద్రం ఒడ్డుకు వెళ్లి, అటువైపు తన ద్వీపం ఉందని టోపీ తీసి నమస్కారం పెట్టేవారు. ఉండబట్టలేక ఒకసారి, ఈ సముద్రం మీ ఊరికి పోదండి, మా దేశం వైపు పోతుంది అని చెప్పాను. కాసేపు ఆలోచించారు. మర్నాటి నుంచి టోపీ రెండుసార్లు తీయడం మొదలుపెట్టారు.

ఇటలీ అనే దేశాన్ని ఆయన గుర్తించేవారు కాదు. ముత్తాతల కాలంలో ఉత్తరాది వాళ్లు పడవల్లో వచ్చి, ఎవరినీ అడక్కుండా తమ ద్వీపాన్ని ఇటలీలో కలిపేసుకున్నారని ఆయన కోపం. అందుకే, కువైట్ ఇకమీద ఇరాక్‌లో ఒక భాగమని రేడియోలో చెప్పినప్పుడు మా వీధిలో ఆశ్చర్యపోని మనిషి ఆయన ఒక్కరే. పక్కింటి డ్రైవరు తల పట్టుకుని కూర్చుంటే భుజం తట్టి, "మొదటి వందేళ్లే కొంచెం కష్టం" అని ఓదార్చారు.

ఆ డ్రైవరు కడప మనిషి. నాకన్నా పెద్దవాడు. వాళ్ల కఫీల్ కుటుంబమంతా సౌదీకి పారిపోతూ ఇంటి తాళాలు ఇతనికి అప్పజెప్పి పోయింది. మా వ్యాపారి కుటుంబం ఎండాకాలం విదేశాలకు వెళ్లి అక్కడే ఉండిపోయింది. తెల్లవాళ్లను ఎక్కడివాళ్లనక్కడ పట్టుకుపోతున్నారనీ, బాంబులు పడకుండా ఇరాక్ ఫ్యాక్టరీల దగ్గర కూర్చోబెడుతున్నారనీ కబురు రాగానే, బారన్ గారిని దాచాలని మేమిద్దరం తీర్మానించాం. కిటికీలన్నీ మూసేశాం. ఎవరడిగినా దొర ముందే వెళ్లిపోయాడు, నేను కాపలా వంటవాణ్ణి అని చెప్పాలి. ఎవరైనా వస్తే ఆయన మెట్లకింద కొట్లో, బియ్యం బస్తాల వెనక దాక్కోవాలి. అన్నిటికీ ఆయన "ఆయ్" అన్నారు. ఒక్కదానికే అనలేదు. టమాటా ముద్ద ఆగకూడదు.

వాళ్ల ద్వీపంలో ఆగస్టు వస్తే టమాటాలు ఉడికించి, గింజా తొక్కా లేకుండా వడకట్టి, ఉప్పేసి, చెక్కబల్లల మీద పరిచి డాబా మీద ఎండబెడతారట. మా వైపు మామిడి తాండ్ర పోసినట్టే అనుకోండి. కాకపోతే తాండ్రను ఎండకు వదిలేస్తాం. దీన్ని పక్కనే కూర్చుని ఎప్పటికప్పుడు చేత్తో కలుపుతూ ఉండాలి. ఎర్రటి రసం కాస్తా నల్లబడి, గట్టిపడి, ఏడాదంతా దాచుకునే ముద్దవుతుంది. సైన్యం దిగిన వారమే ఆయన టమాటాలు పెట్టెలకు పెట్టెలు తెప్పించి ఉన్నారు. తాను డాబా ఎక్కకూడదు కాబట్టి ఆ పని నా మీద పెట్టారు. చెయ్యి ఆపితే ముద్ద చస్తుందని మెట్ల మీద నుంచి రోజూ హెచ్చరించేవారు.

కువైట్‌లో ఆగస్టు డాబా అంటే పెనం. రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు నాలో కోనసీమ తెలివి మేలుకుంది. చేలో పిట్టలు వాలకుండా, పంటకు దిష్టి తగలకుండా మేం ఏం చేస్తాం? రెండు కర్రలు కట్టి, టమాటా పెట్టెల్లోని గడ్డి కుక్కి, బారన్ గారి పాత వేటకోటు తొడిగాను. తలకు అల్యూమినియం డేక్సా బోర్లించి, బొగ్గుతో కళ్లూ మీసాలూ దిద్ది, ఆయన ఈకల టోపీ పెట్టాను. గాలికి పడిపోకుండా ఒక తుడుపుకర్రను చంక కింద నుంచి ముందుకు పొడిచి పిట్టగోడకు ఆన్చాను. పక్కకెళ్లి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. దాన్ని కాపలా పెట్టి, కిందికి వినబడకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, పక్కింట్లో పేకాటకు పోయాను. పిట్టల్ని బొమ్మ చూసుకుంటుంది. కలపడం సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది, పక్కన పెట్టాను.

ఆట మంచి పట్టులో ఉండగా వీధిలో జీపు ఆగింది. మైకులో ఎవరో అరబ్బీలో, పైనున్నవాడా, తుపాకీ పడేసి చేతులెత్తు అని అరిచారు. డ్రైవరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్లీ అరిచారు. పైనున్నవాడు ఎత్తలేదు. ఒక తూటా పేలింది. ఆ వెంటనే డేక్సా మోగింది. ఆ చప్పుడు వంటవాడికి చెప్పనక్కర్లేదు.

"అది నా డేక్సానండి," అన్నాను లేస్తూ.

"యాడికి పోతావప్పా? కూచో. తుపాకులోళ్ల ముందరికి పేకముక్కలు పట్టుకోని పోతారా ఎవురన్నా?" డ్రైవరు నా చొక్కా పట్టుకున్నాడు.

"బారన్ గారు లోపలున్నారండి."

అతను చొక్కా వదిలేశాడు.

నేను వెళ్లేసరికి ఒక ఆఫీసరూ ముగ్గురు సైనికులూ డాబా ఎక్కేశారు. బొమ్మ వెల్లకిలా పడి ఉంది. డేక్సాకు బొట్టు పెట్టినట్టు చిల్లు. తుపాకీ అనుకున్న తుడుపుకర్రను చూసి ఒక సైనికుడు నవ్వాపుకోలేకపోతున్నాడు. పిట్టల కోసమండీ, మా దేశంలో ఇంతే అని చెప్పాను. ఆఫీసరు వంగి కోటు అస్తరు వేళ్లతో తడిమి చూశాడు. పట్టు అస్తరు. ఈ కోటు ఎవరిదన్నాడు. నాదేనన్నాను. వేసుకో అన్నాడు. వేసుకున్నాను. కోటు చేతులు నా మోకాళ్లదాకా వచ్చాయి. ఇంకేమీ అడగలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇంతలో సైనికుల చూపు ముద్ద మీద పడింది. పాపం, వాళ్లు ఆకలితో ఉన్నారు. పట్టుమని పాతికేళ్లు లేవు, బుగ్గలు లోపలికి పోయాయి. ఒక బల్లను అమాంతం ఎత్తి వంటింట్లోకి దించి, ఎండిపోయిన రొట్టె ముక్కలతో గీరుకుని తినడం మొదలెట్టారు. తినిపోతే చాలు దేవుడా అని గోడకంటుకుని నిలబడ్డాను. వంటింటికీ మెట్లకింద కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్కతలుపు. మనిషికి భయం ఎక్కువో, వంశాచారం ఎక్కువో ఆ తలుపు తెరుచుకున్నాక తెలిసింది.

బారన్ గారు బయటికొచ్చారు. కోటుంది, టై ఉంది, జుట్టులో బియ్యం గింజలున్నాయి. తుపాకుల వంక చూడనైనా చూడలేదు. నేరుగా బల్ల దగ్గరికెళ్లి, ముద్దను వేలితో నొక్కి, నా వైపు ఒకసారి చూశారు. తరువాత సైనికులతో తన వచ్చీరాని అరబ్బీలో, ఇది ఇంకా అవలేదు, పచ్చిది, పచ్చిది అతిథికి పెట్టడం మా ఇంట సిగ్గుచేటు, తినక తప్పదంటే కనీసం నూనె వేసుకోండి అన్నారు.

ఆఫీసరు కుర్చీలోంచి మెల్లగా లేచాడు. "నీది ఏ దేశం?"

"సిసిలీ."

"అంటే ఇటలీ. నేను బస్రాలో పిల్లలకు భూగోళం చెప్పేవాణ్ణి. పటంలో ఇటలీ బూటులా ఉంటుంది, దాని ముందర నీ ద్వీపం బంతిలా ఉంటుంది."

బారన్ గారి మొహం ఎర్రబడింది. "బంతి అక్కడే ఉందండి," అన్నారు. "బూటే వచ్చింది, తన్నడానికి."

అప్పుడు ఆ మాస్టారు, అవును, నాకు అతను ఒక్క క్షణంలో ఆఫీసరు పోయి మాస్టారైపోయాడు, మీసం కింద నవ్వాడు. బారన్ గారు అతనికి తన కుర్చీ ఇచ్చారు. నన్ను పళ్లాలు పెట్టమన్నారు. ముద్ద మీద ఆలివ్ నూనె, వెల్లుల్లి వేసి కలిపి, వేడి చేసిన రొట్టెతో నలుగురికీ తన చేత్తో వడ్డించారు. కువైట్ ఒక్కటే కాదు, దేశాలు ఎలా మాయమవుతాయో ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ బొమ్మకోటు తొడుక్కునే నేను నీళ్లు పోస్తూ నిలబడ్డాను.

వెళ్లేముందు మాస్టారు నన్ను పక్కకు పిలిచాడు. "డాబా మీద తుపాకీతో ఒకడున్నాడు, పట్టుకురమ్మని పంపారు. పట్టుకున్నాం, ఖలాస్. మీ ఇంటి రొట్టే ఉప్పూ తిన్నాం కాబట్టి రెండో మనిషిని మేం చూడలేదు. కాని రేపు వచ్చేవాళ్లు కడుపునిండా తిని రావచ్చు."

కోటు నా ఒంటి మీద నుంచి విప్పించి బొమ్మకు మళ్లీ తొడిగారు. చిల్లు డేక్సా, ఈకల టోపీ, అన్నీ యథాప్రకారం. జీపులో ఇద్దరు సైనికుల మధ్య కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. ముఖ్యమైన ఖైదీలాగే ఉంది.

గంటలో ఇల్లు ఖాళీ చేశాం. డ్రైవరు తన కఫీల్ పికప్ బండిలో పరుపుల మధ్య బారన్ గారిని పడుకోబెట్టి అర్దియా అనే పేటకు చేర్చాడు. అక్కడ కడప వాళ్లు ఏడెనిమిది మంది ఒక గదిలో ఉండేవారు. తెల్లమనిషని చెబితే భయపడతారని, ఈయన గోవా వంటమేస్త్రీ అని చెప్పాం. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు.

ఆ గదిలో బారన్ గారు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, సైన్యాన్ని బొమ్మతో బోల్తా కొట్టించిన వీరుడు ఈయనేనని మెచ్చుకునేవారు. నేను తల దించుకునేవాణ్ణి. దాన్ని వాళ్లు వినయం అనుకునేవారు. డ్రైవరు మాత్రం పళ్లు కుట్టుకుంటూ, "వీరుడప్పా మాయన్న. కొంచెం కూర ఎక్కువ ఎయ్యండి," అనేవాడు.

అప్పటికి మన దేశం వాళ్లను బస్సుల్లో అమ్మాన్ నగరం చేర్చి, అక్కణ్ణుంచి విమానాల్లో పంపుతున్నారు. ఆ జాబితాలో నా పేరు వచ్చింది. ఊళ్లో నేనింకా మొహం చూడని కూతురుంది. బారన్ గారు సంతోషించి, వీరుడు ఇంటికెళ్లాలి అన్నారు. ఆ మాటతో నాకు ఇక కూడు దిగలేదు. ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"నేను డాబా మీద లేనండి. బొమ్మను మీ కోసం పెట్టలేదు. ఎండకు ఓర్చలేక పెట్టి, పేకాటకు పోయాను. వాళ్లను ఇంటికి తెచ్చింది నేనేనండి."

"తెలుసు," అన్నారాయన. "ముద్ద మీద పొర కట్టేసింది. పొద్దుటి నుంచీ దాని మీద చెయ్యి పడలేదు."

"మరి అందరి ముందూ ఎందుకు మెచ్చుకున్నారండి?"

"సిగ్గుపడి నువ్వే చెబుతావని. నువ్వు చెప్పవు. నా దగ్గర పొగడ్తలు అయిపోవచ్చాయి."

తరువాత టై సర్దుకుని, నమ్మకం తప్పినవాణ్ణి తమ ఇంట పనిలో ఉంచుకునే ఆచారం లేదనీ, ఆ క్షణం నుంచీ నన్ను తీసేశాననీ చెప్పారు. "ఆయ్" అన్నాను.

మర్నాడు బస్సులకు పేర్లు రాసేవాళ్ల దగ్గరికి వెళ్లాను. సబా అల్ సలేంలో పనిచేసే రాయచోటి మనిషి ఒకామె, మామా వాళ్లు, అంటే ఇంటి యజమానురాలి కుటుంబం, చెప్పకుండా వెళ్లిపోతే, గుడ్డల మూటతో రోజూ అక్కడికొచ్చి కూర్చునేది. నా చోటు ఆమెకు రాయించాను. వెంటవచ్చిన డ్రైవరు నా మొహంలోకి తేరిపార చూశాడు.

"పీకేసిన పనికోసం ఇంటికి పోయేది మానుకునేటోణ్ణి నిన్నే చూసినా."

దారిలో దొరికిన కాసిని ఉల్లిపాయలు కొనుక్కుని గదికొచ్చి పొయ్యి వెలిగించాను. బారన్ గారు చూసి, కోటు గుండీలు పెట్టుకుని భోజనానికి కూర్చున్నారు. డిసెంబరులో ఇరాక్ వాళ్లు పరదేశీయులను వదిలిపెట్టాక ఆయన విమానమెక్కేదాకా ఆ ఇంట్లో ఉద్యోగం లేని వంటవాడిగా వండిపెట్టాను.