పాడె పట్టేంత దారి

ఈమధ్య ఒకాయన ఫోన్ చేశాడు. ఒకప్పుడు నాతో ఒకే ఆఫీసులో పనిచేసి, రిటైరయ్యాక హైదరాబాదులో అపార్టుమెంటు చుట్టూ తిరిగి తిరిగి విసుగెత్తినవాడు. "మీది సముద్రం దగ్గర ఊరు కదండీ, పక్కనే లంకలు కూడా ఉన్నాయి. ఎక్కుడూ దిగుడూ లేకుండా హాయిగా నడిచే దారులేమైనా ఉంటే చెప్పండి. నేనూ మా ఆవిడా పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడవాలి, అంతే" అన్నాడు. రేపు చెప్తానని పెట్టేశాను.

ఎక్కుడూ దిగుడూ లేని దారులకు మా దగ్గర కరువేముంది. గోదావరి తెచ్చి పోసిన మట్టి మీద బతుకుతున్నవాళ్లం. మాకు ఎత్తు అంటే ఏటిగట్టే. నేను రోజూ పొద్దున నడిచేది దాని మీదే. ఆమధ్య దాని పొడవునా సిమెంటు బెంచీలు వేశారు. ఇచ్చినవాళ్ల పేర్లు రోడ్డు మీద పోయేవాళ్లకు కనపడాలని బెంచీలన్నిటి చేతా గోదావరికి వీపు పెట్టించారు. కూర్చుంటే ఎదురుగా కనపడేది చికెన్ కొట్టు. సాయంత్రమయ్యేసరికి అందులోని ఈకలు గట్టు దాటి ఏట్లోకి వెళ్తాయి. ఇంత ఏరు పెట్టుకుని కోడి ఈకలు చూస్తూ కూర్చునే జనం ఇంకెక్కడా ఉండరు. నడక మాత్రం సులువే, ఆయనకు బాగానే ఉంటుంది.

పంటు ఎక్కి ఏరు దాటితే సరుగుడు తోటల మధ్య నుంచి సముద్రం దాకా ఒక ఇసుక బాట ఉంది. అదీ మంచిదే. సముద్రం ఏటా కాస్త కాస్త తోటలోకి జరుగుతోంది కాబట్టి నిరుడు నడిచిన బాట ఈ ఏడు ఉండదు, పక్కనే ఇంకోటి పడుతుంది. మింగేసిన దారుల గురించి సముద్రం మీద నాకు కోపం లేదు. అది ఎవరికీ మాట ఇవ్వలేదు.

నా కోపమంతా మూడో దారి గురించి. అది మా లంకలో ఉంది. నేను పుట్టింది ఆ లంకలోనే. ఉద్యోగం వచ్చాక ఇవతలి ఒడ్డుకు వచ్చి టౌన్లో స్థిరపడ్డాను. మా అక్కను ఆ ఊళ్లోనే ఇచ్చారు. మా తమ్ముడు పొలం చూసుకుంటూ అక్కడే ఉన్నాడు. ఊరి చివర మొదలై మా పొలం మీదుగా, ఏటి ఒడ్డున ఉన్న శ్మశానం దాకా వెళ్లే గట్టు అది.

గట్ల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా వైపు రైతు ఎంత పెద్దమనిషైనా సరే, నాట్లకు చేను దమ్ము చేసే ముందు పార పట్టుకుని గట్టును తన వైపు నుంచి నాలుగు వేళ్లు చెక్కుతాడు. పక్క పొలంవాడు అటు నుంచి చెక్కుతాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే కొట్టు దగ్గర టీ తాగుతారు. కొన్నేళ్లకు దాని మీద కొంగలు తప్ప మనుషులు నడవలేరు. మా నాన్న కూడా చెక్కేవాడు, చేతికి అందిన గట్టునల్లా. శ్మశానం దారి మీద మాత్రం పార పడనిచ్చేవాడు కాదు. "పాడె పట్టేంత దారి ఉండాల్రా. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, పక్కపక్కన నడవాలి. పొలం ఎవడిదైనా ఈ దారి అందరిదీ" అనేవాడు. ఊళ్లో ఇంకెవరూ కూడా దాని జోలికి వెళ్లేవారు కాదు. అప్పట్లో కక్కుర్తికి కూడా ఒక హద్దుండేది.

ఆదివారాలు నేనూ అక్కా ఆ గట్టు మీద నడిచేవాళ్లం. నేను పంటు దిగి వచ్చేసరికి తను చెప్పులు చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉండేది. గట్టు మీద చెప్పులేసుకుంటే ఆవిడకి నడిచినట్టు ఉండదు. ఎదురుగా గడ్డిమోపుతో ఎవరైనా వస్తే ఒట్టి చేతులవాళ్లు చేలోకి దిగి దారివ్వాలి, అది పద్ధతి. అక్క దిగేది కాదు. "నా ఒళ్లే నాకు పెద్ద మోపు, ముందు నువ్వు దిగు" అనేది. మోపులవాళ్లు నవ్వుకుంటూ వాళ్లే తప్పుకునేవాళ్లు. అంత వెడల్పు ఉండేది కాబట్టే ఆ వేళాకోళాలు సాగాయి.

గట్టు మధ్యలో ఇంకొంచెం విశాలమైన చోటు ఒకటి ఉండేది. దింపుడు కళ్లెం అక్కడే. పాడెను అక్కడ కిందకు దింపి, సొంతవాళ్లు పోయిన మనిషి చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఏ మూలైనా ప్రాణం ఉంటే పలుకుతారేమోనని చివరి ఆశ. నాన్న పోయినప్పుడు ఆడవాళ్లు రాకూడదన్నా వినకుండా అక్క అక్కడిదాకా వచ్చి పిలిచింది. ఆ తర్వాత ఎప్పుడు నడిచినా అక్కడ కాసేపు ఆగేది. "నన్ను కూడా ఇటే తీసుకురావాల్రా. ఇక్కడ దింపి నువ్వు గట్టిగా పిలువు. నాకసలే చెవుడు" అనేది. నేను విసుక్కునేవాణ్ణి. సరేనని కూడా అనేవాణ్ణి.

నాన్న పోయిన మరుసటి ఎండాకాలం తమ్ముడు పొక్లెయిన్ తెచ్చాడు. చుట్టూ అందరూ రొయ్యల చెరువులు తవ్వేశారని, ఆ ఉప్పు ఊరి మన చేలో వరి పండటం లేదని చెప్పాడు. అది నిజమే, చెరువు వద్దని నేనూ అనలేదు, అక్కా అనలేదు. గట్టుకు రెండు వైపులా చెరువులొచ్చాయి. గట్టు ఎత్తు పెరిగింది, పైన వెడల్పు పోయింది. పీతలు ఎక్కకుండా అటూ ఇటూ నీలం వల కట్టారు. ఊరి వైపు గేటు పెట్టి, గేటు దగ్గర తొట్టిలో గులాబీరంగు మందునీళ్లు పోశారు. బయటి రోగం చెరువులోకి రాకుండా ఎవరొచ్చినా అందులో కాళ్లు ముంచి లోపలికి రావాలి. నాన్న నడిచిన దారిలోకి మేం కాళ్లు కడుక్కుని వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎదురుగా మేత బస్తాతో మనిషి వస్తే దిగడానికి చేను లేదు. ఎవరో ఒకరు వెనక్కి నడవాలి. ఒకసారి అక్క అలా గేటు దాకా వెనక్కి నడిచింది. ఆ రోజు వేళాకోళం ఆడలేదు. నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది.

"ఏంట్రా, రేపు నన్నెలా తీసుకెళ్తారు?"

"అబ్బా, ఇప్పుడు నీకేం తొందరొచ్చిందే అక్కా. నీ టైం వచ్చేసరికి గట్టు రోడ్డంత చేయించేస్తాను. కావాలంటే లైట్లు కూడా పెట్టిస్తాను."

"లైట్లెందుకురా, కళ్లు మూసుకునేగా వెళ్లేది" అంది అక్క. ముగ్గురం నవ్వుకున్నాం. తను దాన్ని మాటగానే తీసుకుంది. వాడూ మాటగానే ఇచ్చి ఉంటాడు. మా తమ్ముడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు, తిట్టి ఊరుకునేవాణ్ణి.

నిరుడు కార్తీకమాసంలో అక్క పోయింది. పొద్దున దీపం పెట్టి వచ్చి కుర్చీలో కూర్చుంది, అంతే. నేను వెళ్లేసరికి పాడె కడుతున్నారు. తమ్ముడు అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. పాడె లేపే ముందు నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"అన్నయ్యా, గట్టు మీద పక్కపక్కన ఇద్దరు పట్టరు. చెరువులోకి దిగి నడవాలి. వారంలో రొయ్యల పట్టుబడి పెట్టుకున్నాను. ఇప్పుడు ఇంతమంది దిగితే అడుగు బురద లేచి సరుకంతా పోద్ది. చుట్టుపక్కల చెరువుల్లో వైట్ స్పాట్ రోగం కూడా ఉంది. ట్రాక్టర్ మీద రోడ్డున తీసుకెళ్దాం."

"అక్కకి మాటిచ్చావు కదరా" అన్నాను. వాడు తల దించుకున్నాడు కానీ చెరువులోకి దిగమని మాత్రం అనలేదు.

నేను మేనల్లుడి వైపు చూశాను. తల్లికి కొరివి పెట్టేవాడు వాడు. వాడు గట్టు మీదే వెళ్లాలంటే ఎవరూ కాదనలేరు. వాడు కళ్లు తుడుచుకుని, "పోనీలెండి మావయ్యా. చిన్నమావయ్య చెప్పింది నిజమేనండి. ట్రాక్టర్ రెడీగానే ఉంది" అన్నాడు. వాడికీ చెరువులున్నాయి. పాడె మోయడానికి వచ్చినవాళ్లందరికీ ఉన్నాయి. అందరూ తలలూపారు. పట్టుబడికి ముందు చెరువు కదిపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అక్క ఏం కోరిందో కూడా అందరికీ తెలుసు. కానీ అక్క ఇక అడగదు.

నాకు ఒళ్లు మండింది. ట్రాక్టర్ ఎక్కనని చెప్పి గట్టు మీదుగా ఒక్కణ్ణే బయల్దేరాను. గేటు దగ్గర కాపలా మనిషి లేచి నిలబడ్డాడు. "ఆయ్, ఏమనుకోకండి బాబూ, కాళ్లు ముంచి ఎల్లండి" అన్నాడు. అతని తప్పేముంది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాను. కాళ్లు ముంచాను. అక్కను సాగనంపడానికి వెళ్తూ రొయ్యల ఆరోగ్యం కోసం కాళ్లు ముంచాను.

విశాలమైన చోటు ఇప్పుడు లేదు, కానీ అది ఎక్కడుండేదో నా కాళ్లకు తెలుసు. అక్కడ ఆగాను. చెరువులకు అవతల రోడ్డు మీద ట్రాక్టర్ కనపడుతోంది. ఒకచోట నెమ్మదించింది. దింపుడు కళ్లెం అక్కడ అనుకున్నారు కాబోలు. పాడెను కిందకు దింపలేదు. ఇంజిన్ ఆపలేదు. మేనల్లుడు ట్రక్కులో వంగి పిలవడం కనిపించింది, ఆ వెనక తమ్ముడు వంగాడు. చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు, అవతల ఇంజిన్ చప్పుడు. ఆ హోరులో చెవుడున్న మనిషికి ఏం వినపడుతుంది? గట్టిగా పిలవాల్సినవాణ్ణి నేను ఇక్కడున్నాను.

"అక్కా" అని అరిచాను. మళ్లీ అరిచాను. మూడోసారికి కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు, నేను చెరువులో పడ్డానేమో అనుకుని. పడలేదని చూసుకుని వెనక్కి వెళ్లాడు.

మందునీళ్ల మరక ఏట్లో స్నానం చేసినా నా పాదాల నుంచి పోలేదు. పెద్దకర్మ నాటికి కూడా గోళ్ల దగ్గర కనపడుతూనే ఉంది. పట్టుబడి బాగానే అయిందని ఆ రోజు ఎవరో అంటుంటే విన్నాను. భోజనాల దగ్గర తమ్ముడు నా పక్కన కూర్చుని, "వచ్చే పంటకి గట్టు తప్పకుండా వెడల్పు చేయిస్తాను అన్నయ్యా. రేపు మనమూ అటే వెళ్లాలిగా" అన్నాడు. నేను విస్తరి మడిచి లేచాను.

రేపు చెప్తానన్న మాట ప్రకారం హైదరాబాదు ఆయనకు ఫోన్ చేశాను. ఏటిగట్టు గురించి, సరుగుడు తోటల బాట గురించి చెప్పాను. "మరి లంకల్లో ఏమీ లేవాండీ?" అని అడిగాడు. ఒకటుందన్నాను.

"నడక సులువేనా?"

"సులువేనండీ. కాకపోతే మీకు పనికిరాదు. ఒకళ్ల వెనక ఒకళ్లు నడవాలి. ముందు వెళ్లినవాళ్లకి, వెనక నుంచి ఎంత గట్టిగా పిలిచినా వినపడదు."