ఇంట్లోకి బూట్లు తెచ్చిన మా మేనత్త

సోమవారం పొద్దున మారేడ్‌పల్లి నుంచి ఫోన్ వచ్చింది. "అత్తమ్మ పోయింది అక్కా" అంది, చివరిదాకా ఆమె దగ్గరే ఉండి చూసుకున్న శిష్యురాలు. తొంభై దాటి చాలా కాలమైన మనిషి, ఈమధ్య మంచం దిగడం లేదు. ఈ ఫోన్ వస్తుందని తెలుసు. అయినా పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఆమె మా నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. స్పెయిన్ దేశపు ఫ్లమెంకో నాట్యాన్ని సికింద్రాబాద్ ఆడపిల్లలకు నేర్పిన మనిషి. ఆమె గురించి నలుగురికీ చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మీరు ఆమెను ఎక్కడైనా చూసి ఉంటే బడి పంతులమ్మ అనుకునేవారు. తప్పేమీ లేదు, బడిలో లెక్కలు కూడా చెప్పింది. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాల బేరం కుదరకపోతే స్పానిష్‌లో తిట్టేది. "తెలుగుల తిడితే పాపం వాళ్లకు తక్లీఫ్ అయితది. గిట్లయితే వాళ్లకేం కాదు, నా కడుపు సుత చల్లబడ్తది" అనేది. నాట్యం మొదలుపెట్టే ముందు నేలను తాకి కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే అడుగున మేకులు కొట్టిన బూట్లు తొడుక్కునేది. బూట్లతో నాట్యమేమిటని మూతి విరిచేవాళ్ళకు ఆమె నోటితో ఎప్పుడూ జవాబు చెప్పలేదు. కావాలనే వాళ్ళ ముందు ఇంకాస్త నిదానంగా నేలకు మొక్కేది. ఆ మొండితనం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం.

ఈ పిచ్చి ఆమెకు అంటించింది ఒక రైల్వే దొరగారి భార్య. పుట్టింది స్పెయిన్‌లో, సెవిల్ అనే పాత నగరంలో. మా అత్త ఆమెకు తెలుగు నేర్పడానికి వెళ్ళి, తాను నాట్యం నేర్చుకుని వచ్చింది. తెల్లవాళ్ళు దేశం వదిలి వెళ్ళేటప్పుడు దొరసాని తన బూట్లు అత్త చేతిలో పెట్టి, "సెవిల్‌లో మా అక్క నేర్పుతుంది, రా" అని చెప్పి పోయింది. ఆమె మర్యాదకు అన్నదో ఏమో గానీ, మా అత్త మాత్రం ఆ మాట గట్టిగా పట్టుకుంది.

పట్టుకున్నది వదల్లేదు. బడి ఉద్యోగం చేస్తూ, వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొడుతూ, పాస్‌పోర్టు కోసం ఏళ్ళ తరబడి తిరిగి, చివరికి బొంబాయిలో ఓడెక్కింది. సెవిల్‌లో ఆ అక్కగారు ఆమెను మొదట ఆడనివ్వలేదట. చిన్నప్పుడు నేర్చిన కర్ణాటక సంగీతం వల్ల అత్త చేయి తాళంలో మొదటి దెబ్బనే గట్టిగా వేసేది. అక్కడి పన్నెండు దెబ్బల లెక్కలో బలమంతా చివరి దెబ్బ మీద పడాలి. అందుకని నెలల తరబడి గోడవార కూర్చుని చప్పట్లు కొట్టడం, పాటలు వినడం, వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ వాళ్ళ భాష నేర్చుకోవడం, అదే చదువు. ఏడుపు రాలేదా అని అడిగాను ఒకసారి. "వచ్చింది. ఏడ్సుకుంట కొట్టిన" అంది. తర్వాత మా పిల్లలకూ అలాగే నేర్పింది. "మాట సమజ్ కాకుంటె పాటెట్ల సమజైతది? పాట సమజ్ కాకుంటె కాలు యాడెయ్యాలె?" అని వాళ్ళ ప్రాణం తీసేది.

అందరూ ఆమెను అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ రోజుల్లో మీ నాయన ఎట్లా ఒప్పుకున్నాడు అని. "ఒప్పుకోలే. అడ్డం పడుడు బంద్ చేసిండు, గంతే" అని నవ్వేది. అది ఎప్పుడు జరిగిందో నాకు తెలుసు. చిన్నపిల్లనే అయినా కళ్ళారా చూశాను.

నిజాం రాజ్యంలోకి భారత సైన్యం దిగిన పోలీస్ యాక్షన్ రోజులవి. ఆఫీసులు మూతపడి మా తాత ఇంట్లోనే ఉన్నాడు. తాత గడపలోకి చెప్పులు రానిచ్చే మనిషి కాదు. ఆయన ఆఫీసుకు వెళ్ళాక వెనక వసారాలో చెక్క పలక వేసుకుని ఆడే అత్త, ఆ రోజు ఆయన ఇంట్లో ఉండగానే మొదలుపెట్టింది. కాసేపటికి పక్కింటి ముస్లిం ఆవిడ, మేమంతా ఖాలా అని పిలిచే మనిషి, గోడ దగ్గరికొచ్చి ఏడ్చింది. ఆ చప్పుడు తుపాకులదనుకుని పిల్లల్ని మంచం కిందికి తోసిందట. ఆమె భర్త పనిమీద బీదర్ వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు, అక్కడ ముస్లింల ఇళ్ళ మీద పడుతున్నారని వార్తలు. వీధిలో ఏ అలికిడైనా తమ కోసమే వస్తున్నారని ఆమెకు భయం. తాత అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఇప్పు! ఇంకోపారి ఆ బూట్లు నా ఇంట్ల కనబడొద్దు" అన్నాడు. అత్త విప్పలేదు. పలక మీదే కూర్చుంది, చప్పుడు చేయకుండా.

మర్నాడు ఖాలా మళ్ళీ గోడ దగ్గరికొచ్చింది. "పిల్లను ఆడనియ్యున్రి భాయ్‌సాబ్. మీ బిడ్డ కాళ్ల చప్పుడని ఎరికైనంక నాకు ధైర్యమొచ్చింది. మీరు పక్కనే ఉన్నరనుకుంట. చుప్ ఉంటెనే పరేషాన్ అయితున్న" అంది. తాత అడ్డం పడలేదు. ఆ పూట అత్త ఆడింది.

రెండు రోజులకు అత్తకు జ్వరం వచ్చింది. పలక మూగబోయింది. సాయంత్రం ఖాలా గొంతు గోడ మీదుగా వచ్చింది: "భాయ్‌సాబ్, ఉన్నరా? పోయిన్రా?"

"ఉన్నం బీబీ, యాడికి పోతం" అన్నాడు తాత. లేచి వాకిట్లోకి వెళ్ళి, ఆఫీసు బూట్లు తొడుక్కుని, గడప దాటి లోపలికి నడిచాడు. తాత వసారాలోకి వెళ్ళి పలక మీద నిలబడి, పక్కింటికి వినబడేలా ధన్‌మని ఒక్క దెబ్బ వేశాడు.

"గట్ల కాదు నాయినా" అంది అత్త మంచం మీంచి, కళ్ళు తెరవకుండానే. "మడిమె తోటి కొట్టాలె."

తాత ఒక చేత్తో ధోవతి కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, మడమ ఎత్తి కొట్టాడు.

"ఇంకా గట్టిగ" అంది అత్త.