నీళ్లు పోయకూడని కుండ

నిజాం పాలన చివరి ఏళ్లలో నేను వరంగల్‌లో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. చెప్పడమా నా మొహమా! ఉర్దూ పుస్తకంలోని వాక్యాలు నేను చదవాలి, పిల్లలు రాసుకుని అప్పజెప్పాలి. అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రైతుల పిల్లలు, నేతగాళ్ల పిల్లలు. మొక్కకు వేరు చేసే పనేమిట్రా అంటే ఉర్దూలో గడగడా ఒప్పజెప్పేవాళ్లు. అదే తెలుగులో చెప్పరా అంటే నోరెళ్లబెట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా హెడ్మాస్టరు సదర్ సాబు వెంటపడి వారానికి ఒక్క పీరియడు సంపాదించాను. అందులో పుస్తకం ముట్టేది లేదు. ప్రశ్న పిల్లలదే, ప్రయోగమూ పిల్లలదే. ఆయన ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు.

"తనిఖీకి నాజిర్ సాబు వస్తడు పంతులూ. ఆయనకు నచ్చిందా, నడుపుకో. నచ్చలేదా, బందు. మల్ల నా తలకాయ తినొద్దు."

మీకేం తెలుసుకోవాలనుందో అడగండిరా అంటే ఒక్కడూ నోరు విప్పడే! "ఏం అడగాల్నో మీరే చెప్పుండ్రి సార్" అన్నాడొకడు. ఏడ్చినట్టే ఉంది. చివరికి పరకాల వైపు నుంచి వచ్చిన రైతు పిల్లవాడు లేచాడు.

"వాన పడకుంట ఎగవెడితె జొన్న ఎన్ని దినాలు ఆగుతది సార్?"

వాణ్ణి ఎత్తుకుని తిప్పాలనిపించింది. రెండు కుండల్లో ఒకే మన్ను నింపి జొన్నలు చల్లారు. మొలకలు జానెడు ఎదిగాక ఒకదానికి రోజూ నీళ్లు, రెండోదానికి చుక్క కూడా పోయకూడదని వాళ్లే తీర్మానించారు. నేను కుండల జోలికి రానని మాటిచ్చాను.

రెండో కుండలో పైరు ఎంతకీ వాడిపోదు. జొన్న మొండిది కదా అనుకున్నాను. తీరా తనిఖీ దగ్గర పడ్డాక ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. అమ్మయ్య అనుకున్నాను.

స్కూళ్ల ఇన్‌స్పెక్టరు నాజిర్ సాబు వచ్చాడు. పిల్లలు చెప్పిందంతా విని, ఆ కుండలో వేలు పెట్టాడు. వేలంతా బురద. రుమాలుతో తుడుచుకుంటూ, "ఇది ఎండి చావలేదు మాస్టర్, మునిగి చచ్చింది" అని నవ్వాడు. పక్కనున్న సదర్ సాబు నవ్వలేదు.

వాళ్లటు వెళ్లగానే క్లాసు మీద విరుచుకుపడ్డాను. "ఎవడ్రా నీళ్లు పోసింది?"

ఒకడు లేచాడు. వెనక ఇంకొకడు. చూస్తుండగా క్లాసంతా లేచి నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"నేనొక్కన్నే అనుకున్న సార్. జర్రన్నే పోసిన."

"పోయొద్దని మీరే కదరా అనుకున్నది!"

"అనుకున్నం సార్," అన్నాడు ప్రశ్న అడిగినవాడు. "గని పక్కకే కడవ నిండ నీళ్లు పెట్టుకోని, పైరు ఎండుతాంటె సూస్కుంట ఎట్ల ఊకుంటం? మా నాయినకు తెలిస్తె తంతడు."

ఇక వాణ్ణి ఏమని తిట్టను? నేరుగా సదర్ సాబు గదికి వెళ్లాను. ప్రయోగం ఎక్కడ చెడిందో వాళ్లకు ఇప్పుడే తెలిసింది, ఇంకొక్కసారి చేయనివ్వండి, అసలు చదువు ఇదేనండీ అని బతిమాలాను. ఆయన తలెత్తనైనా లేదు.

"చెట్లకు నీళ్లు పోసుడు ఇంట్ల నేర్సుకుంటరు తియ్యి."

మరుసటి వారం ఆ పీరియడులో పుస్తకం తెరిచి చదివాను. తలలు వంచుకుని రాసుకున్నారు. మధ్యలో మనసు ఆగక పుస్తకం మూసి, "ఏమన్నా అడిగేదుందారా?" అన్నాను.

"జీ నహీఁ" అన్నారు అందరూ, ఒక్క గొంతుతో.