ట్రంపెట్ నేను, శాక్సఫోన్ ఆవిడ

సాయంత్రం టీ అయ్యాక నేను నిన్నటి డైరీ పేజీ పైకి చదువుతాను. మా ఆవిడ కాదంటుంది. నీళ్ల పంపుల ఆఫీసులో గుమాస్తాగా చేరిన ఏడాది మొదలైన ఈ అలవాటు, రిటైరై ఇన్నేళ్లయినా బెంగాలీల పేట భవానీపూర్‌లోని మా రెండు గదుల్లో అలాగే సాగుతోంది. "ఉదయం మబ్బు," అంటాను. "మబ్బేటి? ఒడియాలు ఎండబెట్టినాను కదా," అంటుంది. నేను దిద్దను. ఆవిడ ఒప్పుకోదు. ఆ తర్వాత ఇద్దరం సుఖంగా టీవీ చూస్తాం.

మాతో ఉండే మనవరాలు జాజ్ గాయని. పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడమని దాన్ని పిలుస్తారు. జాజ్ పాడమని ఎవరూ పిలవరు. పోయిన వర్షాకాలంలో పార్క్ స్ట్రీట్ రెస్టారెంటు మేనేజరొకడు అవకాశం ఇచ్చాడు. ఒక్క గురువారం పాడాలి. వచ్చినవాళ్లకు నచ్చితే ఇక గురువారాలన్నీ దానివే. నచ్చకపోతే మళ్లీ పెళ్లి పందిళ్లే.

అది ఎంచుకున్నది మాటల్లేని పాత బాణీ. ట్రంపెట్ ఒక ముక్క వాయిస్తే శాక్సఫోన్ జవాబు చెబుతుంది. వాయిద్యాలు పలికిన ప్రతి స్వరానికీ ఒక తెలుగు అక్షరం కూర్చి, వాటి బదులు తానే పాడాలని దాని పట్టుదల. ఇంగ్లీషులో చాలామంది చేశారట, తెలుగులో ఎవరూ చేయలేదట. చేయకపోవడానికి ఏదో కారణం ఉండే ఉంటుందని తోచింది గానీ పైకి అనలేదు. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. రాసిపెట్టమని నన్నే అడిగింది మరి.

నేను పద్ధతిగా మొదలుపెట్టాను. రికార్డు వింటూ పొడుగు స్వరానికి గురువు, పొట్టి స్వరానికి లఘువు గుర్తు పెట్టాను. తర్వాత హుగ్లీ మీద సూర్యోదయాన్ని వర్ణించాను. ట్రంపెట్ వంతు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా అంతా ఒకే సమాసం. నాకే ముచ్చటేసింది.

మనవరాలు ఒకసారి పాడిచూసి ఆయాసపడింది. "తాతా, ఇక్కడ ట్రంపెటాయన ఊపిరి తీసుకున్నాడు. నువ్వేటి, నన్ను తీసుకోనివ్వట్లేదు?"

"సమాసం మధ్యలో ఆగకూడదు," అన్నాను.

"అయితే హాస్పిటల్లో చెప్పి ఉంచు."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఆ సూర్యుణ్ణి అంతసేపు ఏటి లేపుతారు? పిల్లని బతకనీండి."

సూర్యోదయం నాకు తిరిగొచ్చింది. గుర్తులు పెట్టిన కాగితం మాత్రం అది ఉంచుకుంది. ఆ రోజు నుంచీ సాయంత్రాలు టీ కప్పుతో మా గది గుమ్మంలో కూర్చోసాగింది. మా మీద ప్రేమ పెరిగిందనుకున్నాం.

గురువారం ఇద్దరం వెళ్లాం. ఏసీకి భయపడి మా ఆవిడ పట్టుచీర మీద శాలువా కప్పుకుంది. మొదటి రెండు పాటలకూ జనం తలెత్తకుండా తిన్నారు. మేనేజరు గోడ దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. మూడోది ఆ బాణీ. మనవరాలు నిదానంగా, ట్రంపెట్‌లా గొంతెత్తింది.

"ఉదయం మబ్బు. నీళ్లు ఆలస్యం. ట్రామ్ రాలేదు. నడిచి వెళ్లాను."

నా డైరీ! సూర్యోదయమూ లేదు, సమాసమూ లేదు. ఒక్కో ఊపిరికి ఒక్కో వాక్యం. వెంటనే శాక్సఫోన్ వంతు వచ్చింది, గొంతు గబగబా పరుగెత్తింది. "మబ్బేటి, ఎండే కదా! నీళ్లేటి, వచ్చినాయి కదా!"

అక్కడెవరికీ తెలుగు రాదు. కానీ ఇది మొగుడూ పెళ్లాల వ్యవహారమని తెలియడానికి భాష అక్కర్లేదు. ఒక బల్ల దగ్గర నవ్వారు. మేనేజరు ఫోన్ జేబులో పెట్టాడు.

మళ్లీ ట్రంపెట్. "చేపల కూర. ఉప్పు ఎక్కువ."

జవాబుకు ముందు మనవరాలు ఊపిరి తీసుకుంది. ఆ చిన్న ఖాళీలో మా ఆవిడ, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, కుర్చీలోంచే గట్టిగా అనేసింది. "ఉప్పేటి? రెండోసారి ఏసుకున్నారు కదా!"

హాలంతా మావైపు తిరిగింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, ఏం లాభం, మాట వెళ్లిపోయింది. పిల్ల గురువారాలు కూడా దానితోనే వెళ్లిపోయాయనుకున్నాను. అది మాత్రం తడబడలేదు. "ఉప్పేటి? ఉప్పేటి?" అంటూ అదే మాటను శాక్సఫోన్ మెట్ల మీద ఎక్కించి దించి, మా ఆవిడ వైపు చెయ్యి చాచింది. ఆవిడ మళ్లీ అంది, ఈసారి కాస్త రాగం తీస్తూ. ఎవరో ఈల వేశారు.

పాటలయ్యాక మేనేజరు వచ్చాడు. "గురువారాలు నీవే," అన్నాడు మనవరాలితో. మా ఆవిడకు వంగి నమస్కరించి, బెంగాలీ వరసలో పిన్నిని చేసి, "మాసీమా, మీరూ తప్పకుండా రావాలి," అని హిందీలో బతిమాలాడు. తర్వాత నన్ను చూసి, మీరేం చేస్తుంటారని మర్యాదకు అడిగాడు. డైరీ రాస్తానన్నాను. మంచి అలవాటన్నాడు.

ఇప్పుడు ప్రతి గురువారానికీ కొత్త మాటలు కావాలి. మొన్న సాయంత్రం "వంకాయ కూర బాగుంది," అని చదివాను. మా ఆవిడ ఏమీ అనలేదు.

గుమ్మంలోంచి మనవరాలు తల పట్టుకుంది. "తాతా, ఇలాగైతే శాక్సఫోన్‌కి పనేటి? ఉప్పు తక్కువని రాయి."

రాశాను. పైకి చదివాను. వంటింట్లోంచి జవాబు, సరిగ్గా తాళంలో వచ్చింది. కూరలో ఉప్పు మాత్రం సరిపోయింది.